చిన్న జాతి కుక్కలలో చర్మ అలర్జీ: ఆహార పరీక్ష, అనుబంధ పోషకాల యాజమాన్యం

పగ్, షిట్జూ, లాసా ఆప్సో, పొమెరేనియన్, డాక్స్‌హండ్ వంటి చిన్న జాతి కుక్కల పెంపకం నేడు నగరాలకే పరిమితం కాక మండల కేంద్రాలకూ విస్తరించింది. ఈ కుక్కలను పశువైద్యశాలకు తీసుకొని రావడానికి గల ముఖ్య కారణాలలో దీర్ఘకాలిక దురద ఒకటి. పాదాలను అదేపనిగా నాకడం, చెవులు గోక్కోవడం, వెంట్రుకలు రాలడం, చర్మం నుండి దుర్వాసన రావడం వంటి లక్షణాలతో వచ్చే కుక్కల విషయంలో యజమానులు అప్పటికే మూడు నాలుగు రకాల ఆహారాలు మార్చి, ఔషధ దుకాణంలో దొరికిన నూనె క్యాప్సూళ్ళను వాడి, కొన్ని సందర్భాలలో స్టీరాయిడ్ సూదిమందులు కూడా వేయించి ఉంటారు. ఇన్ని మార్పుల తరువాత ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో చెప్పడం వైద్యునికి సైతం సాధ్యం కాదు.

ఆహారం ద్వారా చర్మ అలర్జీని అదుపు చేయడం సాధ్యమే. అయితే ఆహారాన్ని మొదట రోగ నిర్ధారణ పరీక్షగా, ఆ తరువాతనే చికిత్సగా వినియోగించాలి. ఈ క్రమం తారుమారైతే సమయం, ధనం వృథా కావడమే గాక, భవిష్యత్తులో పరీక్షకు ఉపయోగపడవలసిన ఆహార పదార్థాలు కూడా ఒక్కొక్కటిగా చేజారిపోతాయి.

అలర్జీ స్వభావం

హాని చేయని పదార్థాన్ని శరీర రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా భావించి ప్రతిస్పందించడమే అలర్జీ. కుక్కలలో చర్మ అలర్జీలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, ఫ్లీ జాతి పేల లాలాజలం వల్ల కలిగేది. రెండవది, ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు వంటి పరిసర కారకాల వల్ల కలిగే అటోపిక్ చర్మ వ్యాధి. మూడవది, ఆహారం వల్ల కలిగేది. ఒకే కుక్కలో రెండు లేదా మూడు రకాలు కలిసి ఉండటం అరుదు కాదు.

ఆహార అలర్జీని ప్రేరేపించేవి సాధారణంగా మాంసకృత్తులు. ముఖ్యంగా 10 నుండి 70 కిలోడాల్టన్ల పరిమాణం గల గ్లైకోప్రోటీన్లు ఇందుకు కారణమవుతాయి. కుక్క ఒక పదార్థాన్ని ఎంతో కాలంగా తింటున్నది గనుక దానికి అలర్జీ రాదని భావించడం పొరపాటు. రోగనిరోధక వ్యవస్థ ముందుగా పరిచయమైన మాంసకృత్తుకే సున్నితత్వాన్ని పెంచుకోగలదు. అందువల్ల రోజూ తినే ఆహారమే మొదట అనుమానించదగినది.

దురదతో వచ్చే ప్రతి కుక్కకూ ఆహారమే కారణం కాదు. వివిధ దేశాల పరిశోధనలను సమీక్షించినపుడు, దురద లక్షణం గల కుక్కలలో ఆహార ప్రతిచర్య ఉన్నవి 9 నుండి 40 శాతం వరకు ఉన్నట్లు తేలింది. అంటే మిగిలిన కుక్కలలో ఆహారాన్ని ఎంత మార్చినా దురద పూర్తిగా తగ్గదు.

లక్షణాలు, ముందుగా పరిశీలించవలసిన అంశాలు

పాదాలు, చెవులు, చంకలు, గజ్జలు, ముఖం, మలద్వార పరిసరాలలో దురద, ఎర్రదనం కనిపిస్తాయి. చెవి వాపు తరచుగా తిరగబెడుతుంది. అటోపిక్ చర్మ వ్యాధి సాధారణంగా 6 నెలల నుండి 3 సంవత్సరాల వయస్సులో మొదలవుతుంది. ఆహార అలర్జీ ఏ వయస్సులోనైనా రావచ్చును. ఏడాది లోపు పిల్లలలో గాని, పెద్ద వయస్సు కుక్కలలో గాని దురద తొలిసారి మొదలైతే ఆహారాన్ని ప్రత్యేకంగా అనుమానించాలి. కాలంతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా దురద ఉండటం, దానితో పాటు రోజుకు మూడు సార్లకు మించి మలవిసర్జన, మెత్తని మలం, కడుపు ఉబ్బరం ఉండటం కూడా ఆహారం వైపే సూచిస్తాయి. అయినప్పటికీ కేవలం లక్షణాలను బట్టి ఆహార అలర్జీని, అటోపిక్ వ్యాధిని వేరుచేయడం సాధ్యం కాదు.

ఆహారం జోలికి పోయే ముందు మూడు అంశాలను తోసిపుచ్చాలి. ఒకటి, పేలు, పిడుదులు, గజ్జి కలిగించే సార్కాప్టిస్, డెమోడెక్స్ వంటి బాహ్య పరాన్నజీవులు. రెండు, స్టఫైలోకోకస్ బ్యాక్టీరియా వల్ల కలిగే చీము పొక్కులు. మూడు, మలసీజియా అనే ఈస్ట్. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలోను, వర్షాకాలంలోను ఈస్ట్ వృద్ధికి అనువైన పరిస్థితులు ఉంటాయి. ముడతల చర్మం గల పగ్ వంటి జాతులలో ఇది మరింత ఎక్కువ. ఈ ద్వితీయ సంక్రమణలకు చికిత్స చేయకుండా ఆహార పరీక్ష మొదలుపెడితే, ఆహారం సరైనదే అయినా దురద తగ్గక పరీక్ష విఫలమైనట్లు కనిపిస్తుంది.

తరచుగా అలర్జీ కలిగించే ఆహారాలు

ఆహార అలర్జీ నిర్ధారణ అయిన 297 కుక్కల వివరాలను క్రోడీకరించి 2016లో ప్రచురించిన సమీక్ష ప్రకారం గొడ్డు మాంసం 34 శాతం, పాల ఉత్పత్తులు 17 శాతం, కోడి మాంసం 15 శాతం, గోధుమ 13 శాతం, గొర్రె మాంసం 5 శాతం కుక్కలలో అలర్జీకి కారణమయ్యాయి. కోడిగ్రుడ్డు, మొక్కజొన్న, చేపలు, వరి బియ్యం అంతకంటే తక్కువ శాతం కుక్కలలో కారణమైనట్లు గుర్తించారు.

ఈ సంఖ్యలు ఐరోపా, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా ఖండాల కుక్కలకు సంబంధించినవి. అక్కడి కుక్కలు ఎక్కువగా తినేవే అక్కడి జాబితాలో పైన ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల ఇళ్ళలో పెరిగే కుక్కల ఆహారం వేరు. కోడి మాంసం, కోడి కాళ్ళు, గ్రుడ్లు, పాలు, పెరుగు, చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు ఇక్కడ సాధారణం. అంగడిలో దొరికే గుళికల ఆహారంలో కూడా కోడి మాంసమే తరచుగా ప్రధాన మాంసకృత్తు. కనుక విదేశీ జాబితాను యథాతథంగా అనుసరించక, ఆ కుక్క పుట్టినప్పటి నుండి తిన్న ఆహార చరిత్రను ఆధారంగా తీసుకోవాలి.

పెరుగన్నం గురించిన అపోహ

దురద రాగానే మాంసం వేడి చేస్తుందని భావించి, కుక్కకు పెరుగన్నం మాత్రమే పెట్టడం ఇక్కడి ఇళ్ళలో తరచుగా కనిపించే ఆనవాయితీ. దీనిలో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, పాల ఉత్పత్తులే అలర్జీ కారకాలలో ముందు వరుసలో ఉన్నాయి. పాలు తోడుకొని పెరుగైనంత మాత్రాన వాటిలోని కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటి మాంసకృత్తులు అలర్జీ కలిగించే గుణాన్ని పూర్తిగా కోల్పోవు. రెండవది, చర్మం, వెంట్రుకల నిర్వహణకు కుక్క రోజువారీ మాంసకృత్తుల అవసరంలో దాదాపు 25 నుండి 30 శాతం ఖర్చవుతుంది. పెద్ద కుక్కల ఆహారంలో పొడి పదార్థం ప్రాతిపదికన కనీసం 18 శాతం మాంసకృత్తులు, 5.5 శాతం కొవ్వు, 1.1 శాతం లినోలిక్ ఆమ్లం ఉండాలని అమెరికా పశుదాణా నియంత్రణాధికారుల సంఘం ప్రమాణాలు సూచిస్తున్నాయి. బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7 శాతమే, కొవ్వు నామమాత్రం. పెరుగులో అధిక భాగం నీరే. నెలల తరబడి పెరుగన్నంపై ఉంచిన కుక్కలో వెంట్రుకలు నిగారింపు కోల్పోయి, చర్మం పొడిబారి పొట్టు రాలడం అలర్జీ వల్ల గాక పోషకాహార లోపం వల్ల కూడా కావచ్చును. అప్పుడు ఒక వ్యాధిపై మరొకటి చేరి నిర్ధారణ మరింత కష్టమవుతుంది.

మాంసం మానివేయగానే దురద తగ్గిన కుక్కలు కూడా ఉన్నాయి. వాటిలో తగ్గుదలకు కారణం శరీరంలో వేడి తగ్గడం కాదు. ఆ కుక్కకు పడని కోడి మాంసమో, మరొకటో ఆహారం నుండి తొలగిపోవడం. ఈ తేడా యజమానికి అర్థమైతే పెరుగన్నానికి బదులుగా సరైన ఆహారాన్ని ఎంచుకోవడం సులభమవుతుంది.

వర్జనాహార పరీక్ష

ఆహార అలర్జీ నిర్ధారణకు రక్తం, లాలాజలం, వెంట్రుకల ఆధారంగా చేసే వాణిజ్య పరీక్షలు విశ్వసనీయమైనవి కావు. ఆరోగ్యవంతమైన కుక్కలలో సైతం ఇవి అలర్జీ ఉన్నట్లు ఫలితాలు చూపిన సందర్భాలున్నాయి. పాత ఆహారాన్ని పూర్తిగా వర్జించి, ఎంపిక చేసిన ఒకే ఆహారాన్ని నిర్ణీత కాలం పెట్టి, తరువాత పాత ఆహారాన్ని తిరిగి ప్రవేశపెట్టి చూడటమే ప్రామాణిక పద్ధతి. దీనినే వర్జనాహార పరీక్ష అంటారు.

పరీక్ష వ్యవధి కనీసం 8 వారాలు. 2015లో వెలువడిన సమీక్ష ప్రకారం ఆహార అలర్జీ గల కుక్కలలో 80 శాతానికి పైగా 5 వారాలలో, 90 శాతానికి పైగా 8 వారాలలో ఉపశమనం పొందాయి. కుక్క పైచర్మం పూర్తిగా పునరుద్ధరణ చెందడానికే సుమారు 3 వారాలు పడుతుంది. కాబట్టి 10 రోజులు పెట్టి చూసి ఫలితం లేదని ఆహారం మార్చడం శాస్త్రీయం కాదు.

పరీక్షకు రెండు రకాల ఆహారాలలో ఒకదానిని ఎంచుకోవచ్చును.

జలవిశ్లేషిత మాంసకృత్తుల ఆహారం: ఇందులో మాంసకృత్తులను ఎంజైముల సాయంతో చిన్న ముక్కలుగా విడగొడతారు. రోగనిరోధక వ్యవస్థ వీటిని గుర్తించే అవకాశం తక్కువ. పోషకపరంగా సంపూర్ణం కావడం, వంట శ్రమ లేకపోవడం దీని అనుకూలతలు. ధర ఎక్కువ. మాతృ మాంసకృత్తుకు తీవ్ర సున్నితత్వం గల కొన్ని కుక్కలు దీనికి కూడా ప్రతిస్పందించవచ్చును.

నవ మాంసకృత్తుతో ఇంట్లో వండిన ఆహారం: కుక్క ఎన్నడూ తినని ఒక మాంసకృత్తు, ఒక పిండి పదార్థం మాత్రమే ఇందులో ఉంటాయి. ఉప్పు, కారం, పసుపు, ఉల్లి, మసాలాలు ఏవీ చేర్చరాదు. ఎదిగిన కుక్కలలో 8 వారాల పాటు ఈ అసంపూర్ణ ఆహారం పెట్టవచ్చును. ఎదిగే పిల్లలకు, చూడి కుక్కలకు, పాలిచ్చే కుక్కలకు మాత్రం పోషక సమతుల్యం చేయకుండా ఇవ్వరాదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అత్యల్పం కావడం వల్ల ఎముకలు దెబ్బతింటాయి.

నవ మాంసకృత్తు ఎంపిక

అంగడిలో కొత్తగా వచ్చినది నవ మాంసకృత్తు కాదు. ఆ కుక్క శరీరానికి పరిచయం లేనిదే నవ మాంసకృత్తు. కోస్తా గ్రామాలలో చేపలు తింటూ పెరిగిన కుక్కకు చేప నవ ఆహారం కాదు. ఎన్నడూ మేక, గొర్రె మాంసాలు తినని శాకాహార కుటుంబంలోని కుక్కకు అవి నవ ఆహారం కావచ్చును.

దగ్గరి జాతుల మాంసకృత్తుల మధ్య పరస్పర ప్రతిచర్యను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. కోడి మాంసం పడని కుక్కకు కౌజు పిట్ట, టర్కీ, బాతు మాంసాలు సరైన ప్రత్యామ్నాయాలు కావు. కౌజు పిట్ట, కోడి ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. అలాగే ఆవు పాలు పడని కుక్కకు గేదె పాలు, మేక పాలు పెట్టి చూడటంలో అర్థం లేదు. గొడ్డు మాంసం, గొర్రె మాంసం మధ్య కూడా ఇటువంటి ప్రతిచర్య ఉంది. కుక్క ఆహార చరిత్రను బట్టి పంది మాంసం, చేప, కుందేలు మాంసం వంటివి పరిశీలించవచ్చును. పిండి పదార్థాలుగా బంగాళదుంప, చిలగడదుంప, సగ్గుబియ్యం అనుకూలం. గోధుమ తరచుగా తిన్న కుక్కలకు దానిని పూర్తిగా మినహాయించాలి.

ధాన్య రహితం అని ముద్రించిన ఆహారమంతా అలర్జీ రహితం కాదు. వాటిలో చాలావరకు కోడి మాంసం ఉంటుంది. పప్పుధాన్యాలు అధికంగా గల ధాన్య రహిత ఆహారాలకు, కుక్కలలో గుండె కండరాల వ్యాధికి మధ్య గల సంబంధంపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో పరిశీలన ప్రారంభించింది. కారణ సంబంధం నిర్ధారణ కాకపోయినా, తగిన అవసరం లేకుండా అటువంటి ఆహారాన్ని సిఫారసు చేయనవసరం లేదు. సాధారణ విక్రయాలలో లభించే ఒకే మాంసకృత్తు ఆహారాలను పరీక్షించినపుడు లేబులుపై లేని మాంసకృత్తులు బయటపడినందున, వీటిని వర్జనాహార పరీక్షకు వాడరాదు.

ప్రతి నెల ఒక కొత్త మాంసంతో ఆహారం మార్చే యజమాని, తెలియకుండానే ఆ కుక్కకు మిగిలిన నవ మాంసకృత్తులన్నింటినీ పరిచయం చేస్తారు. చివరకు నిజమైన పరీక్ష అవసరమైన నాడు వాడటానికి కొత్త మాంసకృత్తు ఉండదు. అంగడిలో లభించే రకాలను మార్చి మార్చి వాడరాదని చెప్పడంలో గల అసలు కారణం ఇదే.

ఆహార పరిమాణం

చిన్న కుక్కలలో ఆహార పరిమాణాన్ని చూపు మేరకు నిర్ణయించరాదు. విశ్రాంతి స్థితిలో కుక్కకు అవసరమైన శక్తిని, శరీర బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణించి లెక్కిస్తారు. దీని ప్రకారం 5 కిలోల కుక్కకు 234 కిలోకేలరీలు. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన ఎదిగిన కుక్కకు దీనికి సుమారు 1.6 రెట్లు, అనగా రోజుకు 374 కిలోకేలరీలు అవసరం. ఉడికించిన బంగాళదుంప 100 గ్రాములలో సుమారు 86, వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 130 కిలోకేలరీలు ఉంటాయి. వారానికొకసారి కుక్కను తూచి, బరువును బట్టి ఆహారాన్ని హెచ్చుతగ్గులు చేయాలి. పాత ఆహారం నుండి కొత్త ఆహారానికి 5 నుండి 7 రోజులలో క్రమంగా మార్చితే విరేచనాలు నివారించవచ్చును. పూర్తిగా కొత్త ఆహారంపైకి మారిన రోజు నుండే 8 వారాలను లెక్కించాలి.

పరీక్ష విఫలం కావడానికి కారణాలు

పరీక్ష విఫలం కావడానికి ఆహారం ఎంపిక కంటే క్రమశిక్షణ లోపమే తరచుగా కారణమవుతుంది. పిల్లలు జారవిడిచే బిస్కెట్ ముక్క, పెద్దలు ముద్దుగా పెట్టే పెరుగన్నం ముద్ద, ఇరుగుపొరుగువారు వేసే ఎముక, షికారులో వీధిలో ఏరుకొని తినే పదార్థం ఏదైనా పరీక్షను చెడగొట్టగలదు. సాధారణ బిస్కెట్లో గోధుమ పిండి, చాలా రకాలలో పాలపొడి కూడా ఉంటాయి. 30 కిలోల కుక్కకు కూడా అలర్జీ విషయంలో ఇది అల్పం కాదు. 5 కిలోల కుక్క ఆహారంలోనైతే ఒక్క బిస్కెట్ వాటా మరింత పెద్దది.

యజమానులు ఆహారంగా పరిగణించనివి కూడా కొన్ని ఉన్నాయి. మాంసపు రుచి కలిపిన నట్టల మందులు, పిడుదుల నివారణకు ఇచ్చే నమలే బిళ్ళలు, రుచి కలిపిన పళ్ళపొడులు, నమలడానికి ఇచ్చే తోలు ఎముకలు, బిళ్ళలు మింగించడానికి వాడే వెన్న, జున్ను ఇందులోకి వస్తాయి. క్యాప్సూళ్ళ పైతొడుగులోని జెలటిన్ పశువుల నుండి తయారవుతుంది. పరీక్షా కాలంలో వీటికి బదులుగా రుచి కలపని మందులను, చర్మంపై వేసే చుక్కల మందులను పశువైద్యుని సలహాతో వాడాలి. పరాన్నజీవుల నివారణను మాత్రం నిలిపివేయరాదు.

తీవ్రమైన దురదతో బాధపడే కుక్కకు ఆహారం ఫలించే వరకు ఉపశమనం లేకుండా ఉంచడం సరికాదు. మొదటి కొద్ది వారాలు పశువైద్యుడు ప్రెడ్నిసొలోన్ లేదా ఒక్లాసిటినిబ్ వంటి మందులను వాడవచ్చును. అయితే పరీక్ష చివరిలో కనీసం 2 వారాలు మందులు లేకుండా కుక్కను గమనించినపుడే ఆహారం ఫలితాన్ని అంచనా వేయగలరు.

పునఃప్రవేశ పరీక్ష

దురద తగ్గగానే చాలామంది యజమానులు పరీక్ష ముగిసిందని భావిస్తారు. నిర్ధారణకు పాత ఆహారాన్ని తిరిగి పెట్టి చూడటం తప్పనిసరి. తగ్గుదల ఋతువు మారడం వల్ల, పేల నివారణ వల్ల, సంక్రమణకు చేసిన చికిత్స వల్ల కూడా కలిగి ఉండవచ్చును. పాత ఆహారం పెట్టిన కొన్ని గంటల నుండి 14 రోజుల లోపు దురద తిరగబెట్టి, దానిని ఆపి పరీక్షాహారానికి మారగానే మళ్ళీ తగ్గితే ఆహార అలర్జీ నిర్ధారణ అయినట్లు.

ఆ తరువాత కోడి మాంసం, గ్రుడ్డు, పెరుగు, గోధుమ వంటి పదార్థాలను ఒక్కొక్కటిగా పరీక్షాహారంలో కలిపి 2 వారాల చొప్పున చూడాలి. ఒక పదార్థానికి దురద పెరిగితే వెంటనే ఆపి, చర్మం పూర్వస్థితికి వచ్చాక మాత్రమే తరువాతి పదార్థాన్ని ప్రవేశపెట్టాలి. ఈ విధంగా ఆ కుక్కకు పడేవి, పడనివి అనే రెండు జాబితాలు తయారవుతాయి. జీవితాంతం అన్ని ఆహారాలనూ దూరం పెట్టవలసిన అవసరం తొలగిపోతుంది.

8 వారాల తరువాత ఏ మార్పూ లేకపోతే అటోపిక్ చర్మ వ్యాధిగా పరిగణించి తదనుగుణమైన చికిత్స చేపట్టాలి. పాక్షికంగా తగ్గితే రెండూ కలిసి ఉన్నట్లు భావించి, పునఃప్రవేశం ద్వారా నిర్ధారించుకోవాలి.

అనుబంధ పోషకాలు

అనుబంధ పోషకాలు అలర్జీ కారకాన్ని తొలగించవు. చర్మపు అడ్డుగోడను బలపరచి, వాపును కొంత తగ్గించి, మందుల అవసరాన్ని తగ్గించడం వరకే వాటి ప్రయోజనం. పరీక్ష జరుగుతుండగా కొత్త అనుబంధ పోషకాన్ని ప్రారంభిస్తే ఫలితం దేనివల్ల కలిగిందో తెలియదు. కనుక పరీక్ష ముగిసిన తరువాతనే, ఒకసారికి ఒకటి చొప్పున ప్రారంభించాలి.

ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు: అనుబంధ పోషకాలలో ఎక్కువ శాస్త్రీయ ఆధారం గలవి ఇవే. చేప నూనెలోని ఇపిఎ, డిహెచ్ఎ అనే ఆమ్లాలు కణత్వచాలలో చేరి వాపును ప్రేరేపించే పదార్థాల ఉత్పత్తిని తగ్గిస్తాయి. అటోపిక్ కుక్కలలో కొవ్వు ఆమ్లాలు వాడినపుడు ప్రెడ్నిసొలోన్, సైక్లోస్పోరిన్ మందుల మోతాదు తగ్గించగలిగినట్లు పరిశోధనలు తెలుపుతున్నాయి. ఫలితానికి 8 నుండి 12 వారాలు వేచి ఉండాలి.

అటోపిక్ చర్మ వ్యాధికి సూచించిన మోతాదు, శరీర బరువు 0.75 ఘాతానికి 125 మిల్లీగ్రాముల ఇపిఎ, డిహెచ్ఎ మొత్తం. దీని ప్రకారం 3 కిలోల కుక్కకు సుమారు 285, 5 కిలోల కుక్కకు 418, 8 కిలోల కుక్కకు 595, 10 కిలోల కుక్కకు 703 మిల్లీగ్రాములు. సురక్షిత గరిష్ఠ పరిమితి ఇదే లెక్కన 370 మిల్లీగ్రాములు. 5 కిలోల కుక్కకు సుమారు 1,240 మిల్లీగ్రాములు. క్యాప్సూల్ పై ముద్రించిన 1,000 మిల్లీగ్రాములు అనేది నూనె మొత్తం బరువు. సాధారణ క్యాప్సూల్లో తరచుగా 180 మిల్లీగ్రాముల ఇపిఎ, 120 మిల్లీగ్రాముల డిహెచ్ఎ, మొత్తం 300 మిల్లీగ్రాములే ఉంటాయి. వెనుక ముద్రించిన వివరాలు చదివి లెక్కించాలి. ఆహారంలో ఇప్పటికే ఉన్న ఒమేగా-3 ను కూడా పరిగణించాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి 2 వారాలలో పెంచాలి. అధిక మోతాదు వల్ల విరేచనాలు, రక్తం గడ్డకట్టడంలో ఆలస్యం కలగవచ్చును. శస్త్రచికిత్సకు ముందు వైద్యునికి తెలియజేయాలి. చేపకు అలర్జీ గల కుక్కలకు నాచు నుండి తీసిన నూనె ప్రత్యామ్నాయం.

అవిసె నూనెలో ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. కుక్క శరీరం దీనిని ఇపిఎగా మార్చుకునే సామర్థ్యం పరిమితం. డిహెచ్ఎగా మారేది అత్యల్పం. కనుక అవిసె నూనె చేప నూనెకు సమానం కాదు. కొబ్బరి నూనెలో ఒమేగా-3 ఆమ్లాలు లేవు.

లినోలిక్ ఆమ్లం: ఈ ఒమేగా-6 ఆమ్లం చర్మం నుండి నీరు ఆవిరి కాకుండా ఆపే పొర నిర్మాణానికి అత్యవసరం. ఇంట్లో వండిన ఆహారం తినే కుక్కలకు పొద్దుతిరుగుడు లేదా కుసుమ నూనె కొద్ది పరిమాణంలో ఇవ్వవచ్చును. ఒక టీ స్పూను నూనెలో దాదాపు 40 కిలోకేలరీలు ఉంటాయి. 5 కిలోల కుక్క రోజువారీ అవసరంలో ఇది పదవ వంతుకు మించుతుంది. అధిక కొవ్వు వల్ల చిన్న జాతులలో స్థూలకాయం, క్లోమ గ్రంథి వాపు ముప్పు పెరుగుతుంది.

విటమిన్ ఇ: కొవ్వు ఆమ్లాలను ఎక్కువగా ఇచ్చినపుడు విటమిన్ ఇ అవసరం కూడా పెరుగుతుంది. అటోపిక్ కుక్కలలో దీనిని ఇచ్చి లక్షణాలు తగ్గినట్లు గమనించిన పరిశోధన ఉన్నా, సహాయకారిగానే పరిగణించాలి.

జింక్: ధాన్యాలలోని ఫైటేట్లు, అధిక కాల్షియం జింక్ శోషణను అడ్డుకుంటాయి. నాణ్యత లేని ధాన్యాధిక ఆహారం తినే ఎదిగే కుక్కలలో కళ్ళు, నోటి చుట్టూ, పాదాల మెత్తలపై పొలుసులు కనిపిస్తే జింక్ లోపాన్ని అనుమానించాలి. ఇది అలర్జీ కాదు. నిర్ధారణ లేకుండా జింక్ ఇవ్వడం హానికరం.

ప్రోబయోటిక్స్: లాక్టోబాసిల్లస్ జాతులపై పరిశోధనలు కొంత ఆశాజనకంగా ఉన్నా, ఫలితాలు అన్నింటా ఒకేలా లేవు. ప్రోబయోటిక్ పేరుతో పాల మాంసకృత్తులు గల ఉత్పత్తులను పరీక్షాకాలంలో ఇవ్వరాదు.

చిన్న శరీరానికి పెద్ద ముప్పు

మనుషుల మోతాదులు చిన్న కుక్కలకు వర్తించవు. కాడ్ లివర్ నూనెలో ఎ, డి విటమిన్లు అధికంగా ఉంటాయి. చేప నూనెకు బదులుగా దీనిని దీర్ఘకాలం వాడితే ఈ విటమిన్లు శరీరంలో పేరుకుపోయి విషమవుతాయి. పిడుదులు పోతాయన్న నమ్మకంతో వెల్లుల్లి పెట్టడం ప్రమాదకరం. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ కలిపిన పదార్థాలు కుక్కలకు విషతుల్యం. టీ ట్రీ నూనెను చర్మంపై పూసినా చిన్న కుక్కలలో వణుకు, నిస్త్రాణ వంటి విషలక్షణాలు కలగవచ్చును. పచ్చి గ్రుడ్డు తెల్లసొనలోని ఎవిడిన్ బయోటిన్‌ను బంధించి చర్మానికే చేటు చేస్తుంది.

దీర్ఘకాలిక యాజమాన్యం

పడే ఆహారాలు తెలిసిన తరువాత సంపూర్ణ పోషకాలు గల ఆహారానికి మారాలి. ఇంటి వంటనే కొనసాగించదలచినవారు కాల్షియం, జింక్, రాగి, అయోడిన్, విటమిన్ డి, ఇ లను సమతుల్యం చేసే ఆహార ప్రణాళికను పశుపోషణ నిపుణుల ద్వారా రూపొందించుకోవాలి. చిరుతిండి రోజువారీ శక్తిలో 10 శాతానికి మించరాదు. 5 కిలోల కుక్కకు ఇది సుమారు 37 కిలోకేలరీలు. పరీక్షలో పడినట్లు తేలిన మాంసాన్నే చిన్న ముక్కలుగా ఉడికించి, ఎండబెట్టి బహుమతిగా ఇవ్వవచ్చును. తేమ ప్రాంతాలలో గుళికల ఆహారాన్ని గాలి చొరని డబ్బాలో ఉంచి, తెరిచిన నెల రోజులలో ముగించాలి. నిల్వ ఆహారంలో పెరిగే సూక్ష్మ పురుగులు అటోపిక్ కుక్కలలో అలర్జీ కలిగించగలవు. వైద్యుడు సూచించిన షాంపూతో క్రమం తప్పక స్నానం, పేల నివారణ, చెవుల శుభ్రత ఆహారంతో పాటు కొనసాగాలి.

విస్తరణ కార్యకర్తలు గమనించవలసినవి

యజమానికి ఇచ్చే సలహా నోటి మాటగా కాక రాతపూర్వకంగా ఉండాలి. పుట్టినప్పటి నుండి తిన్న ప్రతి ఆహారం, చిరుతిండి, మందు పేర్లతో ఒక జాబితా తయారు చేయించాలి. దురద తీవ్రతను 0 నుండి 10 వరకు వారానికొకసారి ఒకే వ్యక్తి నమోదు చేయాలి. 0 అంటే దురద లేదు. 10 అంటే నిద్ర, తిండి మాని గోక్కోవడం. నియమం తప్పిన రోజును దాచకుండా అదే పుస్తకంలో రాయించాలి. తప్పును రాసినందుకు యజమానిని మందలిస్తే తరువాతి తప్పు పుస్తకంలోకి రాదు. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, పెద్దలకు, ఇంటి పనివారికి 8 వారాల నియమాన్ని విడివిడిగా వివరించాలి. వివాహాలు, పండుగలు, ప్రయాణాలు లేని కాలాన్ని పరీక్షకు ఎంచుకోవడం మేలు.

విద్యార్థులు వ్యాధి చరిత్ర సేకరించేటప్పుడు ఏ ఆహారం పెడుతున్నారని మాత్రమే అడగరాదు. ఎవరెవరు పెడుతున్నారని, ఆ ఆహారం కాక కుక్క నోటిలోకి ఇంకేమి వెళుతున్నదని కూడా అడగాలి. పరీక్ష చెడటానికి గల కారణాలు ఎక్కువగా ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలలోనే బయటపడతాయి.

ముగింపు

చిన్న కుక్కలో చర్మ అలర్జీ పూర్తిగా నయమయ్యే వ్యాధి కాకపోవచ్చును గాని, కారకాన్ని గుర్తించగలిగితే అదుపులో ఉంచదగినదే. పరాన్నజీవులను, సంక్రమణలను ముందుగా తొలగించడం, ఆహార చరిత్ర ఆధారంగా ఒకే ఆహారాన్ని ఎంచుకోవడం, 8 వారాలు నియమం తప్పకుండా పాటించడం, పాత ఆహారంతో పునఃపరీక్షించి నిర్ధారించడం, ఆ తరువాతనే బరువును బట్టి లెక్కించిన అనుబంధ పోషకాలను చేర్చడం అనే క్రమాన్ని పాటించాలి. ఈ క్రమంలో గడిపిన రెండు నెలలు, దురద పెరిగినప్పుడల్లా స్టీరాయిడ్లపై ఆధారపడే సంవత్సరాలను తప్పించగలవు. ఆహారం కారణం కాదని తేలినా ఆ శ్రమ వృథా కాదు. ఆ కుక్కకు నచ్చిన ఆహారాన్ని నిష్కారణంగా దూరం చేయకుండా, సరైన చికిత్స వైపు మళ్ళడానికి ఆ ఫలితమే దారి చూపుతుంది.